శాలువా వద్దు, జీతమియ్యండి

థియేటర్ పీజీలో మాకు రష్యా నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ నటన పాఠం ఒక సెమిస్టర్ మొత్తం ఉండె. జర్మనీ నాటకకర్త బ్రెహ్ట్ అందులో సగం. చిందు, చిరుతలు, ఒగ్గు, గొల్లసుద్దులు, బుర్రకథ, శారదకథ, ఇట్ల మన ఊర్ల ఆటలు, కథలు అన్నిటినీ కలిపి ఒక్క పేపర్ చేసిన్రు, అదీ రాతపరీక్ష. చిందు భాగవతం ప్రదర్శన రీతిని వివరించమని ప్రశ్న వస్తే పేజీలకు పేజీలు నింపిన. మార్కులు బాగనే పడ్డయి. చిందులో ఒక్క అడుగు వేయమంటే మాత్రం నాకు రాదు. మా క్లాసులో ఎవరికీ రాదు. ఆ పేపర్ చెప్పిన సారుకు కూడా రాదు, ఆయన ఆ సంగతి దాచిపెట్టుకోలేదు.

స్టానిస్లావ్‌స్కీతో నాకు పంచాయితీ ఏం లేదు. ఈ మనిషి ఈ గదిలోకి ఎందుకొచ్చింది, రాకముందు ఎక్కడుండె, ఏం కావాలని వచ్చింది అని పాత్రను అడగడం ఆయన పాఠాలతోనే వచ్చింది నాకు. నా పంచాయితీ టైంటేబుల్‌తోని. మా నల్లగొండ, పాలమూరు ఊర్లల్ల మనుషుల్ని నటులుగా తయారు చేసే పద్ధతులు తరాల నుంచి ఉన్నయి. వాటిని చరిత్ర పాఠంగా చదివిస్తున్నరు, నటన పాఠంగా నేర్పుతలేరు. నేర్పగలిగినోళ్లు ఇంకా బతికే ఉన్నరు. వాళ్లను ఏడాదికోసారి పిలిచి, పది నిమిషాలు ఆడించి, శాలువా కప్పి పంపిస్తున్నరు. నేననేది ఒక్కటే, ఆ శాలువా ఖర్చు ఆపి వాళ్లకు జీతమిచ్చి క్లాసు అప్పజెప్పమని.

నేను చదివిన చోటు పేరు ఇక్కడ అవసరం లేదు. వేరే చోట్ల డ్రామా చదివిన దోస్తులతో మాట్లాడితే వాళ్లదీ ఇదే ముచ్చట.

మాది దేవరకొండ దిక్కు. గొల్లోళ్ల ఇల్లు. మా ఊర్లో చిరుతల రామాయణం ఆడేటోళ్లు. నాకు బుద్ధి తెలిసేసరికే అది తగ్గుముఖం పట్టింది, కానీ మా పెద్దనాయిన హనుమంతుని వేషం కట్టిన ఆఖరు ఆట నేను చూసిన. వానకాలం పంట ఇంటికొచ్చినంక పంతుల్ని పిలుచుకొచ్చేటోళ్లు. బడి పంతులు కాదు. హార్మోనియం పట్టుకొని వచ్చి, ఊర్లనే మకాం పెట్టి, రాత్రి బువ్వలైనంక ఆట నేర్పే పంతులు. ఆయనకు ఇంత అని ముందే మాట్లాడుకునేటోళ్లు. ఇంటికిన్ని వడ్లు, కొంత పైకం, పట్టాభిషేకం నాడు కొత్త బట్టలు. తిండి ఒక్కొక్క పూట ఒక్కొక్క ఇంట్లో. ఇది చెప్పడానికి కారణముంది. ఊరు ఆయనకు సన్మానం చేయలేదు, కూలి ఇచ్చింది. సన్మానం అనే ముచ్చట పట్నం నుంచి వచ్చింది.

ఆడేటోళ్లలో సగం మందికి అక్షరం ముక్క రాదు. పంతులు ఒక పాదం పాడితే వీళ్లు తిరిగి అప్పజెప్పాలె. కందార్థం, దరువు, ద్విపద అనే పాట, పద్య రీతులు, నడుమ నడుమ వచనం. రాముని దరువు రాముని వేషగాడికే కాదు, గుండ్రంగ నిలబడ్డ అందరికీ వస్తది, ఎందుకంటే అందరూ కలిసి ఎత్తుకుంటేనే ఆట. లక్ష్మణుని వేషం కట్టేటోనికి జ్వరమొచ్చిన రాత్రి పక్కనోడు కిరీటం పెట్టుకొని నిలబడ్డడు, జనానికి తేడా కూడా తెలియలేదట. మా డిపార్ట్‌మెంట్‌లో నాయిక పాత్ర చేసే అమ్మాయికి డెంగీ వస్తే నాటకమే వాయిదా పడ్డది. ఆమె మాటలు ఇంకెవ్వరికీ రావు. ఒకరి పాత్ర ఇంకొకరు నేర్చుకొని సిద్ధంగ ఉండాలన్న సంగతి మా నోట్సులో ఉన్నది, చేసినోళ్లు లేరు.

చిరుతలంటే చేతిలో పట్టుకునే కట్టె తాళాలు, నడుమ చిన్న చిన్న బిళ్లలు గల్లుమంటయి. అడుగు, చిరుత, పాట మూడూ ఒకేసారి నేర్చుకోవాలె. విడదీసి నేర్పరు. నడిచేటోడు పాడతడు, పాడేటోడు తిరుగుతడు. యూనివర్సిటీలో మాకు మూవ్‌మెంట్ క్లాస్ పొద్దుగాల, వాయిస్ క్లాస్ మధ్యాహ్నం, సంగీతం వారానికోసారి. ముగ్గురు టీచర్లు, మూడు గదులు. నాటకం దగ్గరపడ్డంక ఆ మూడింటినీ ఒక్క ఒంట్లోకి తెచ్చుకొమ్మన్నరు. పరుగెత్తి వచ్చి పాట అందుకోవాల్సిన చోట మా అందరికీ ఆయాసమే. ఇది మా చేతగానితనం అనుకున్నరు సార్లు. నాకైతే పాఠం కోసిన తీరులోనే లోపం కనవడ్డది.

ఇంకొకటి. చిరుతల ఆటకు జనం చుట్టూ కూసుంటరు. తిరుగుతున్న నటుని ముఖం ఒక దిక్కోళ్లకు కనవడితే వీపు ఇంకో దిక్కోళ్లకు కనవడ్తది. డ్రామా కోర్సులో మొదటి నెలలోనే మాకు చెప్పిన సూత్రం, జనానికి వీపు చూపొద్దని. మూడు దిక్కులా గోడలున్న స్టేజీకి ఆ సూత్రం సరైందే, నేను కాదనను. కానీ సముద్రం ముందట నిలబడి "నాతోని అయితదా" అని హనుమంతుడు కుంగిపోయే ఘట్టంలో మా పెద్దనాయిన వీపు మా దిక్కే ఉండె. భుజాలు దిగజారిపోయినయి, మెడ వంగింది. జాంబవంతుడు ఒక్కొక్క మాట చెప్తుంటే ఆ వీపే కొంచెం కొంచెం నిటారైంది. ముఖం చూసినోళ్ల కంటే ఎక్కువే చూసిన అనుకున్న ఆ రాత్రి. వీపుతోని నటించుడు ఎట్లనో ఏ సెమిస్టర్‌లోనూ లేదు.

ఆట నడుమ పెద్దనాయిన ఆగి చెంబు నీళ్లు తాగేటోడు. ముందుకు జరిగిన పిల్లగాన్ని "ఎన్కకు జరుగు, తోక తగుల్తది" అని కసిరి, మళ్ల దరువెత్తుకునేటోడు. బ్రెహ్ట్ పాఠం విన్న రోజు మా క్లాసులో కొందరు ఎగిరి గంతేసిన్రు, ఇదంతా మన భాగోతాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే కదా అని. నాకు ఆ ఎగురుడు నచ్చలేదు. నటుడు పాత్రకు ఎడంగ నిలబడితే చూసేటోడు ఆలోచిస్తడు, లోకాన్ని మార్చాలనుకుంటడు అనేది బ్రెహ్ట్ లెక్క. మా పెద్దనాయినది దూప లెక్క. రెండూ ఒకటి కాదు. కానీ 1935లో మాస్కోలో మే లాన్‌ఫాంగ్ అనే చైనా నటుని ఆట చూసినంకనే బ్రెహ్ట్ ఆ ఎడం గురించి గట్టిగ రాసిండు. అంటే ఆయన ఒక పాత ఆటలోని నటుని పనితనాన్ని ఆటగా కాక, చేతికందే పనిముట్టుగా చూసిండు. వేషంలోకి రెప్పపాటులో పోవుడు, అంతే వేగంగ బయటికి వచ్చుడు ఒక విద్య. మా పెద్దనాయినకు ఆ విద్య ఉన్నది. దాన్ని నేర్చుకోవచ్చు, నేర్పొచ్చు.

ఇక వాయిస్ క్లాసు. మంచి టీచరే. ఊపిరి ఎక్కడి నుంచి తీయాలె, నాలుక ఎక్కడ ఆనించాలె అని ఓపికతో చెప్పింది. ఇబ్బంది అక్కడ కాదు, పాత్రలు పంచే దగ్గర వచ్చింది. నేను నోరు తెరిస్తే దేవరకొండ వినవడ్తదని అందరికీ తెలుసు. మొదటి నాటకంలో నాకు పనిమనిషి పాత్ర ఇచ్చిన్రు. తరువాతి దాంట్లో కల్లు దుకాణం అవ్వ. "నీ స్లాంగ్‌కు బాగ సూటవుతది" అన్నడు డైరెక్షన్ చేస్తున్న సీనియర్. రాణి మాట్లాడేది మాత్రం ఒకటే తెలుగు, అది ఎవరి ఇంట్ల మాట్లాడేదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. గద్వాల రాణులూ వనపర్తి రాణులూ ఏ తెలుగు మాట్లాడిన్రో అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే కల్లు దుకాణం అవ్వ కూడా పోతదేమోనని ఊరుకున్న.

ఈ సంగతిలో నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ అనుభవం చదివినప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఆయన లండన్‌లో రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చదివినోడు. ఛత్తీస్‌గఢ్ ఊర్ల ఆట అయిన నాచా కళాకారుల్ని తీసుకొచ్చి వాళ్లతోని హిందీ మాట్లాడించబోయిండు. ఇక్కడ నిలబడు, ఈ మాటకు అటు తిరుగు అని కొలతలు పెట్టిండు. ఊర్లో రాత్రంతా జనాన్ని నవ్వించేటోళ్లు స్టేజీ మీద బిగుసుకుపోయిన్రు. లోపం నటుల దగ్గర లేదని ఆయనకు అర్థమయ్యేసరికి ఏండ్లు గడిచినయి. 1970లల్ల వాళ్ల భాష వాళ్లకు విడిచిపెట్టిండు, వాళ్ల ఇష్టం వచ్చినట్టు కదలనిచ్చిండు. 1975లో వచ్చిన ఆయన నాటకం చరణ్‌దాస్ చోర్ 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి తెచ్చుకున్నది. ఇది మా సిలబస్‌లోనే ఉన్న పాఠం. పరీక్షల కూడా వచ్చింది. పాఠం చెప్పిన గదికి, పాత్రలు పంచిన గదికి నడుమ ఒక వరండానే అడ్డం.

ఇట్ల రాస్తుంటే కోర్సు మీద కక్షతోని రాస్తున్న అనుకోకండి. ఆ రెండేండ్లు లేకపోతే నేను స్టేజీ ఎక్కేదాన్నే కాదు. మా ఊరి చిరుతల రామాయణంలో సీత కూడా మొగోడే. మీసం తీసేసి చీర కట్టేటోడు. తెలుగు నాటకం అంతటా ఒకప్పుడు అదే పద్ధతి. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ ఇచ్చిన్రు. సురభి వాళ్ల ఇండ్లల్ల ఆడవాళ్లు తొలినాళ్ల నుంచే వేషాలు కట్టిన్రు, చిందోళ్ల ఇండ్లల్ల కూడా కట్టిన్రు. కానీ ఆ ఆడవాళ్లను ఊర్లు ఏ కండ్లతోని చూసినయో అందరికీ తెలుసు. మా అమ్మ పుట్టిల్లు పాలమూరు దిక్కు. దేవుని పేరు మీద విడిచిన జోగినీలు ఆడుడు ఆమె చిన్నప్పుడు కండ్లారా చూసింది. 1988లో చట్టం తెచ్చి ఆ ఆచారాన్ని నేరం చేసిన్రు గానీ, ఆడది పదిమందిల ఆడితే ఏమైతదో అన్న భయం చట్టంతోని పోలేదు. నేను డ్రామాలు చదువుతనంటే అమ్మ ముందు అడిగింది ఫీజు ఎంత అని కాదు, "రాత్రిళ్లు ఎక్కడుంటవు బిడ్డా" అని. బీఎడ్ చేయరాదూ అన్నడు నాయిన. ఇద్దరూ చివరికి హాస్టల్ చూసి ఒప్పుకున్నరు.

లైటింగ్ గది నాకు ఇష్టమైన చోటు. పక్క నుంచి ఒక్క దీపం వేస్తే ముఖం ఎంత కఠినంగ మారుతదో, వెనుక నుంచి వేస్తే మనిషి ఎట్ల విడిపడి కనవడ్తడో చేత్తో చేసి చూపించిన్రు. ప్రాంప్ట్ బుక్ రాసుడు, రంగస్థల నిర్వహణ, అనుకున్న టైంకు తెర లేపుడు, ఒక నాటకాన్ని నలుగురం కూర్చొని వరుస వరుస చీల్చి చదువుడు, రాముడు చేసిందంతా ఒప్పేనా అని అడిగే ధైర్యం, ఇవన్నీ అక్కడియే. తపస్సు చేసినందుకు రాముని చేతిల చచ్చిన శంబూకుని పేరు మా ఊరి పంతులు ఎత్తేటోడు కాదు. ఆ సంగతి అడిగితే మా ఊర్లో నన్ను ఆట ఆడే గుండంలోకి రానిచ్చేటోళ్లు కూడా కాదు. ఊరి ఆటలో అంతా బంగారమే ఉన్నదని నేనంటలేను.

రెండో ఏడాది పెద్ద నాటకం మొదలైనప్పుడు అసలు ముచ్చట జరిగింది. కథ ఎక్కడిదో, రాసింది ఎవరో వదిలేయండి, మనది కాదు. డైరెక్టరుకు ఓపెనింగ్ చప్పగ అనిపించి "జానపదం పెడదాం, ఊపొస్తది" అన్నడు. ఆ దిక్కు పిల్లవు కదా, ఎవరినన్నా పట్టుకరా అని నాకు చెప్పిన్రు. ఉమ్మడి నల్లగొండలోనే ఒక చిందు మేళాన్ని వెతికి మాట్లాడిన. ముసలాయన ఒకరు, ఆయన తమ్ముడు, తమ్ముని కొడుకు, కోడలు. ఆర్టీసీ బస్సులో వచ్చిన్రు. గ్రీన్‌రూంలో జాగా లేదని మెట్ల కింద రంగులు వేసుకున్నరు. నటులందరికీ కొన్న మేకప్ డబ్బా పక్కనే ఉన్నా దాన్ని ముట్టలేదు, ముఖానికి పూసే అర్దళం రంగు వాళ్లదే వాళ్లు నూరుకున్నరు. తెర లేచినంక పది నిమిషాలు ఆడిన్రు. చప్పట్లు బాగనే మోగినయి. చివర్ల స్టేజీ మీదికి పిలిచి శాలువా, ఒక మెమెంటో. బస్సు కిరాయి, బోజనం. అదే నెలలో బయటి నుంచి ఒక వాయిస్ ట్రైనర్ వచ్చి పోయిండు. ఆయనకు ఏసీ గది, రోజుకు ఇంత అని గౌరవ వేతనం. ఆయన పని ఆయన బాగనే చేసిండు. రెండు ఫైళ్ల మీదా సంతకం పెట్టింది ఒక్కటే చెయ్యి, నన్ను కుదిపేసింది అది.

రిహార్సల్స్‌తోని నా గొంతు పూర్తిగ పోయిన దినాలవి. షో అయినంక వాళ్లను బస్టాండుకు పంపేదాకా హాస్టల్ ముందు కూసున్నం. నా మాట విని ముసలాయన నవ్విండు.

"గొంతుతోని పాడుతున్నవా ఏంది బిడ్డా?"

"మరి దేంతోని పాడాలె తాతా?"

"నడుంతోని పాడాలె. గొంతు ఉత్త దర్వాజ. దర్వాజ పెద్దగ తెరుస్తే ఇంట్లున్న సామాను పెరుగుతదా?"

నా చెయ్యి పట్టుకొని తన పక్కటెముకల కింద పెట్టుకొని ఒక దరువెత్తిండు. పక్కటెముకలు పక్కలకు తెరుచుకొని అట్లనే ఆగినయి, గొంతు నరం ఒక్కటి కూడా ఉబ్బలేదు. వాయిస్ క్లాసులో విన్న ఊపిరి పాఠమే అది, కానీ చేతికి అంటినంక గానీ నాకు అర్థం కాలేదు. దాని తర్వాత ఆయన చెప్పింది మాత్రం ఏ క్లాసులోనూ వినలేదు. రాత్రి మొదలైన ఆట తెల్లారేదాకా ఒక్కని గొంతు మీద నడవదు. అందుకే వంత. ముందటి పాటగాడు పాదం చివరికి వచ్చేసరికి వంతోళ్లు ఆ తోకను అందుకొని సాగదీస్తరు. జనానికి అది అందం. పాటగానికి అది ఊపిరి తీసుకునే సందు. వంతోడు ఎంతసేపు సాగదీయాలె అనేది పాటగాని భుజం చూసి తెలుసుకుంటడు. భుజం దిగితే ఊపిరి నిండిందని లెక్క. గాలి ఎదురుగ ఉంటే మొగం కొంచెం పక్కకు తిప్పి పాడాలె. పదం చివర అరుపు పెట్టొద్దు, పదం మొదట్ల పెట్టాలె. తెల్లారుగట్ల జనం కునికిపాట్లు పడేటప్పుడు గొంతు పెంచొద్దు, ఇంకా తగ్గించాలె, అప్పుడు లేచి ఇంటరు.

నేను నోట్‌బుక్కు తీసి రాసుకోబోతే తమ్ముని కొడుకు నవ్వి, "రాసుకుంటె రాదక్కా" అన్నడు. అతడు ఐటీఐ చదివిండు. ఎలక్ట్రీషియన్ పని దొరికితే ఈ ఆట మానేస్తనని ముసలాయన ముందే చెప్పిండు. ముసలాయన ఏం అనలేదు. "నువ్వు ఎమ్మే చదివి మా ఆట నేర్చుకుంటనంటవు, వీడు మా ఆట వచ్చి కూడా వద్దంటడు. ఎవల తిప్పలు వాళ్లయి" అన్నడంతే.

ఒక ఆటను పాఠంగా మార్చడం కుదరని పని అనేటోళ్లున్నరు. మనకు చూపించడానికి ఉదాహరణలు ఉన్నయి. కూచిపూడి ఒక ఊరి భాగవతులు ఊరూరా తిరిగి ఆడిన ఆట. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టిండు, కూచిపూడి ఊర్లోనే సిద్ధేంద్ర కళాపీఠం వచ్చింది, డిప్లొమాలు వచ్చినయి, డిగ్రీలు వచ్చినయి. కథకళికి మలయాళ కవి వల్లత్తోళ్ 1930లో కేరళ కళామండలం పెట్టి, ఆ ఆటలో పండిన ఆశాన్లు అనే పెద్దమనుషులనే గురువులుగ కూసోబెట్టిండు. చిందు ఆట కూడా కథ ఉన్న ఆటే, దరువు ఉన్న ఆటే, పాత్ర ప్రవేశం ఉన్న ఆటే. కూచిపూడి బాపనోళ్ల ఇండ్లది, చిందు మాదిగోళ్లను ఆశ్రయించి బతికే చిందోళ్లది. ఒకదానికి సిలబస్ దొరికింది, ఇంకొకదానికి సిలబస్‌లో ఒక పేరా దొరికింది. ఇంతకు మించిన కారణం నాకు ఎవరన్నా చెప్తే వింట.

వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉన్నది. అక్కడ జరిగిన సేకరణను నేను తక్కువ చేయను. ఆ రికార్డింగులు, ఆ వస్తువులు లేకపోతే ఎన్నో పోయేవి. కానీ సేకరించుడు వేరు, నటుని ఒంట్లోకి దించుడు వేరు. రికార్డింగు విని నేను వంత నేర్చుకోలేను. పాటగాని భుజం దాంట్లో కనవడదు.

గుర్తింపు తక్కువైందని కూడా అనలేం. మా దేవరకొండ నుంచి డిండి దాటి అచ్చంపేట పోతే, ఆ పక్కనే లింగాల మండలం. అక్కడి అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయనకు, 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు బుర్రవీణకు 2024లో వచ్చింది. సంతోషమే. అయితే అదే 2024లో మొగులయ్య హైదరాబాద్ శివార్లలో ఇండ్లు కట్టే చోట కూలి పనికి పోయిండని పేపర్లు రాసినయి. ఆయనకు సాయం ప్రకటించలేదని కాదు, ప్రకటించిన్రు. నేనడిగేది వేరే. పద్మశ్రీ వచ్చిన వాద్యగాడు కూలికి పోతుంటే, ఆ కిన్నెరను పది మందికి నేర్పే కొలువు ఒక్క కాలేజీకి కూడా ఎందుకు తట్టలేదు? కిన్నెర వాయించేటోళ్లు ఎందరు మిగిలిన్రో ఆ కాలేజీలకే తెలుసు, వ్యాసాలు రాసింది వాళ్లే కదా.

తెలంగాణ వచ్చినంక సాంస్కృతిక సారథి అనే సర్కారు సంస్థ కింద సుమారు 550 మంది కళాకారులకు కొలువులిచ్చిన్రు. ఎవరేమన్నా, నెలకింత అని చేతికొచ్చుడు మంచి పని. కానీ వాళ్లకు అప్పజెప్పిన పని సర్కారు పథకాల మీద పాటలు పాడుడు. వాళ్లలో ఒక వంద మందిని బడుల్లో, కాలేజీల్లో నేర్పేటోళ్లుగ పెట్టి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం నాకు ఉండకపోవు.

కొందరు సార్లు ఇంకో మాటంటరు. ఈ ఆటలు పాత కథలతోని, పాత నీతితోని ముడిపడి ఉన్నయి, వాటిని నేర్చుకుంటే ఆ నీతిని కూడా మోయాలె అని. దీనికి జవాబు మా ఉమ్మడి జిల్లాలోనే ఉన్నది. పాటల కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని తీసుకున్నడు. మా ఇండ్లల్ల లింగమంతుల స్వామి కొలుపులప్పుడు చెప్పే సుద్దులు అవి. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పోయినోళ్లకు ఆ గొంగడి, ఆ కర్ర, ఆ నడక తెలుసు. ఒకడు చెప్పుడు, పక్కోళ్లు కొంటెగ అడ్డం తగులుడు, నవ్వుల నడుమ సుద్ది దించుడు. హనుమంతు ఆ పనితనమంతా ఉంచి, లోపలి కథ మార్చిండు. వెట్టి, భూమి, దొర వచ్చి కూసున్నయి దాంట్లో. సాయుధ పోరాటం దినాల్లో ఊర్లు అది విన్నయి. ఆయన పాత నీతిని మోయలేదు, పనితనాన్ని ఎత్తుకున్నడు. అది చేయాలంటే ముందు ఆ పనితనం రావాలె కదా. రాతపరీక్షతోని వస్తదా?

నాకు నిజంగ ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉన్నది. చిందోళ్లకు ఊర్ల మీద మిరాశి ఉంటది. ఫలానా ఊర్లల్ల ఆడే హక్కు ఫలానా ఇంటిది. వేరే మేళం వచ్చి ఆడొద్దు. ఇప్పుడు నేను, గొల్లోళ్ల పిల్లను, యూనివర్సిటీ సర్టిఫికెట్‌తోని చిందు నేర్చుకొని రేపు టీవీలో ఆడితే ఆ ఇంటి హక్కు ఏమైతది? ముసలాయన్నే అడిగిన ఈ మాట. ఆయన చాలాసేపు బీడీ తాగి, "హక్కు ఉన్నది బిడ్డా, కానీ పిలిచే ఊరు లేదు" అన్నడు. ఆ మాట నాకు జవాబు అనిపించలేదు. దిక్కులేక ఇచ్చిన ఒప్పుకోలు అది. కాబట్టే అంటున్న, నేర్పే పని వాళ్లది కావాలె, నేర్పినందుకు పైకం వాళ్లకు పోవాలె, వాళ్ల ఇంటి పిల్లలకు ఆ కోర్సులో ముందు సీటు ఉండాలె. ఇవి లేకుండ మేం నేర్చుకుంటే అది ఇంకో రకం దోపిడీ.

అర్హత లేదు, రూల్స్ ఒప్పవు అనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఒక దారి తెరిచింది. పీహెచ్‌డీ అక్కర్లేదు, లెక్చరర్లకు పెట్టే నెట్ పరీక్ష అక్కర్లేదు, తన పనిలో ఏండ్ల అనుభవం ఉంటే చాలు. మంజూరైన పోస్టుల లెక్కల పది శాతానికి మించకుండ అట్ల తీసుకోవచ్చు. ఆ పోస్టుల్లోకి కంపెనీల నుంచి రిటైరైన మేనేజర్లను తీసుకుంటున్నరు, తీసుకోనీ. కళలు కూడా ఆ జాబితాలో ఉన్నయి, అది చదివే ఓపిక ఉంటే.

కోర్సు అయిపోయినంక మేం కొందరం కలిసి ఈ ముచ్చటనే ఒక కాలేజీ ముందు పెట్టాలనుకున్నం. డ్రామాలు చదివినోళ్లలో ఎక్కువ మంది హైదరాబాద్‌ల సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో రూం తీసుకొని ఆడిషన్లకు తిరుగుతున్నరు, కొందరు ప్రైవేటు బడుల్లో స్పోకెన్ ఇంగ్లీషు చెప్తున్నరు, నాది కూడా అట్లాంటి కొలువే. సెలవు దొరికిన నాడు ముసలాయన ఇంటికి పోయినం. వస్తనన్నడు. కానీ షరతులు పెట్టిండు. పొద్దున తొమ్మిదిన్నర క్లాసు కుదరదు, ఆట రాత్రి నేర్పాల్సిందే, పగటి పూట నేర్చుకున్న గొంతు రాత్రి నిలబడదు. వానకాలం ఆయన రాడు, పొలం పనులుంటయి, సంక్రాంతి నుంచి ఉగాది దాకా అయితే సరే. పరీక్ష పెట్టాలంటే ఊర్ల పెట్టాలె, జనం ముందట.

వీటన్నిటికీ ఏదో ఒక దారి చేయొచ్చు అనుకున్నం. ఆఖరుది దగ్గర ఆగిపోయినం. పోస్టు ఒక్కటే అని చెప్పిన. ఆయన తమ్ముని దిక్కు, కోడలు దిక్కు చూసిండు.

"నాకు ఒక్కనికి జీతమిస్తె నేనేం జేసుకోవాలె? వంతోళ్లు లేకుంట నేను నేర్పేది ఏముంటది? ముగ్గురికియ్యిన్రి, లేకుంటె ఎవ్వలికియ్యకున్రి."

మార్గదర్శకాల్లో దీనికి గడి లేదు. ఒక పోస్టు, ఒక పేరు, ఒక ఆధార్ నంబర్. పార్టనర్లు ముగ్గురుంటే కన్సల్టెన్సీకి బిల్లు ఇస్తరు కదా, మేళానికి ఎందుకియ్యరని మాలో ఒకడు అన్నడు. కాగితం అట్లనే రాసినం, మేళం పేరు మీద, కింద ముగ్గురి వేలిముద్రలతోని. ప్రిన్సిపాల్ మేడం చదివి, అకౌంట్స్ సెక్షన్‌ను అడగాలె అన్నది.